సీత వియన్నాలో, వెరా మద్రాసులో: గ్రహశకలాల పేర్లు చెప్పే సంగతులు

1870 జనవరి 23న పార్వతీపురం ప్రాంతంలో ఆకాశం నుంచి ఒక ఇనుప ముద్ద పడింది. బరువు నాలుగు కిలోల పైచిలుకు. ఉల్కల జాబితాల్లో దాని పేరు నెడగొల్ల. అది పడిన నేల అప్పట్లో విశాఖపట్నం జిల్లా. 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి, 1979లో విజయనగరం జిల్లాలోకి, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. జిల్లా పేరు ఇన్నిసార్లు మారినా ముద్ద పేరు మారలేదు. పడుతుండగా మనుషులు చూసిన ఉల్కల్లో ఇనుపవి నూటికి నాలుగైదుకి మించవు. అందులోనూ నెడగొల్ల ఇనుము రసాయనికంగా తెలిసిన ఏ ఉల్కల గుంపులోనూ ఇమడదు. అది ఏ గ్రహశకలం కడుపులో కరిగి గడ్డకట్టిందో, ఆ తల్లిరాయికి పేరు లేదు. ముక్కకి మాత్రం మన పల్లె పేరు ఉంది.

నేల మీద పడిన రాయికి పేరు పెట్టడం తేలిక. ఎక్కడ పడితే ఆ చోటి పేరే. చాలాకాలం పాటు దగ్గర్లో పోస్టాఫీసు ఉన్న ఊరి పేరు పెట్టడం ఆనవాయితీ. ఊరివాళ్లు అర్జీ పెట్టుకోనక్కర్లేదు, ఎవరి సిఫార్సూ అక్కర్లేదు. ఆకాశంలో తిరుగుతున్న రాయి సంగతి వేరు. దానికి ఊరు లేదు. ముందుగా ఎవరు చూశారో, పేరు వాళ్ల చేతిలో ఉంటుంది. అందుకే గ్రహశకలాల పేర్ల పట్టిక ముందేసుకుని చదివితే ఏ కాలంలో టెలిస్కోపు ఎవరి దగ్గర ఉందో, వాళ్లు ఎవరి కొలువులో ఉన్నారో, చిన్నప్పుడు ఏ కథలు విన్నారో అన్నీ బయటపడతాయి.

మొట్టమొదటి పేరే అందుకు సాక్ష్యం. 1801 జనవరి 1 రాత్రి సిసిలీ దీవిలోని పలెర్మోలో జుసెప్పె పియాజీ అనే ఖగోళ పరిశోధకుడు అంతకుముందు ఎవరూ గుర్తించని ఒక చుక్కని చూశాడు. వరసగా కొన్ని రాత్రులు గమనిస్తే అది నక్షత్రాల మధ్య కదులుతోంది. దానికి ఆయన పెట్టిన పేరు సెరెస్ ఫెర్డినాండియా. సెరెస్ రోమన్ల ధాన్యదేవత, సిసిలీకి ఇలవేల్పు లాంటిది. ఫెర్డినాండ్ ఆయనకి జీతమిచ్చే రాజు. మిగతా దేశాల వాళ్లు రాజుగారి పేరు ఒప్పుకోలేదు. ధాన్యదేవత మిగిలింది, రాజు జారిపోయాడు. ఇప్పుడు సెరెస్‌ని మరుగుజ్జు గ్రహం అంటున్నారు. దాని అడ్డుకొలత దాదాపు 940 కిలోమీటర్లు.

ఈ సెరెస్ పేరు మన సిక్కోలు తీరం దాకా వచ్చింది. 1803లో కొత్తగా కనుక్కున్న ఒక మూలకానికి, అప్పటికి తాజా వార్తగా ఉన్న సెరెస్ మీదుగా సీరియం అని పేరు పెట్టారు. ఆ సీరియం మోనజైట్ అనే ఖనిజంలో దండిగా ఉంటుంది. భీమిలి నుంచి కళింగపట్నం, భావనపాడు దాకా సముద్రపు ఇసుకలో నల్లటి ఇల్మనైట్, ఎర్రటి గార్నెట్ రేణువులతో పాటు తేనెరంగులో కనిపించే గింజలు ఆ మోనజైట్‌వే. సిగరెట్ లైటర్లో చక్రం తిప్పితే నిప్పురవ్వ రాల్చే చిన్న రాయిలోనూ సీరియమే ఉంటుంది. పియాజీ పలెర్మోలో పలికిన పేరు అలా గార మండలం బీచిలో కాలికి అంటుకునే ఇసుక దాకా వ్యాపించింది. రెండో గ్రహశకలం పల్లాస్ పేరు మీద పల్లాడియం వచ్చింది.

పల్లాస్, జూనో, వెస్టా, ఆస్ట్రేయా, హీబీ, ఐరిస్, ఫ్లోరా. తొలి యాభై ఏళ్లూ ఇలా గ్రీకు, రోమన్ దేవతల పేర్లే నడిచాయి. ఆడ పేరే పెట్టాలన్నది రాయని నియమం. దాన్ని వంచడానికి ప్రయత్నాలూ తొందరగానే మొదలయ్యాయి. 1850లో లండన్‌లో జాన్ రస్సెల్ హైండ్ పన్నెండో గ్రహశకలానికి విక్టోరియా అని పెట్టాడు. బతికున్న రాణి పేరు ఎలా పెడతారని అమెరికా నుంచి అభ్యంతరం లేచింది. విక్టోరియా అంటే రోమన్ల విజయదేవత కదా అని సమాధానం. కొన్నాళ్లు అమెరికన్లు దాన్ని క్లియో అని రాసుకున్నారు. చివరికి విక్టోరియానే నిలిచింది. ఏడేళ్లకి ఫ్రెంచి చక్రవర్తి భార్య పేరు మీద యూజీనియా వచ్చింది. ఈసారి దేవత చాటు కూడా లేదు. మగవాళ్ల పేరు పెట్టాలంటే ముందు దాన్ని ఆడ పేరుగా మార్చాలి. అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్ గౌరవార్థం పెట్టిన యాభై నాలుగో పేరు అలెగ్జాండ్రా. 1898లో భూమికి దగ్గరగా వచ్చే ఈరోస్ దొరికినప్పుడు గానీ మగ దేవుడి పేరు మగ పేరుగానే పట్టికకెక్కలేదు.

ఇక తెలుగు పాఠకులు ఆగి చూడాల్సిన రెండు అంకెలు 244, 245.

244వ గ్రహశకలం పేరు సీత. రామాయణంలోని సీతే. 1884 అక్టోబర్ 14న వియన్నాలో యోహాన్ పలీసా దాన్ని కనుక్కున్నాడు. ఆయన కేవలం కంటితో, టెలిస్కోపు గొట్టంలోంచి చూస్తూ, నక్షత్ర పటాలతో పోల్చుకుంటూ 122 గ్రహశకలాలు పట్టిన మనిషి. అప్పటికి గ్రీకు, రోమన్ దేవతల్లో పేరున్న వాళ్లంతా అయిపోవస్తున్నారు. యూరప్ విశ్వవిద్యాలయాల్లో సంస్కృతం చదువు ఊపు మీద ఉంది. సీత పేరు వియన్నా నుంచి ఆకాశానికి ఎక్కింది.

245వ గ్రహశకలం 1885 ఫిబ్రవరి 6న మద్రాసులో దొరికింది. పేరు వెరా. నుంగంబాకంలోని మద్రాసు అబ్జర్వేటరీలో దాన్ని చూసింది నార్మన్ పాగ్సన్ అనే ఇంగ్లిషు ఉద్యోగి. పేరు సూచించింది ఆయన భార్య. అప్పుడు శ్రీకాకుళం గంజాం జిల్లాలోనూ, విజయనగరం విశాఖపట్నం జిల్లాలోనూ ఉండేవి. రెండు జిల్లాలూ మద్రాసు ప్రెసిడెన్సీ కిందివే. అంటే మన పన్నులు కూడా కలిసిన ప్రభుత్వపు టెలిస్కోపులో దొరికిన రాయికి వెరా అని పేరొచ్చింది. ఆ నేలతో ఏ సంబంధమూ లేని నగరంలో దొరికిన రాయికి సీత పేరొచ్చింది. పక్కపక్క అంకెలు, నాలుగు నెలల తేడా. ఎవరి దేవత అన్నది లెక్కలోకి రాలేదు. టెలిస్కోపు దగ్గర ఎవరు కూర్చున్నారన్నదే పేరుని తేల్చింది. పేర్ల పట్టిక మొత్తంలో ఇంతకన్నా సూటిగా ఆ విషయం చెప్పే జంట మరొకటి లేదు.

పాగ్సన్‌ని తక్కువ చేయడానికి లేదు. నక్షత్రాల కాంతిని కొలిచే స్కేలు ఆయన లెక్క మీదే ఈనాటికీ నడుస్తోంది. 1861 ఏప్రిల్ 17న మద్రాసులో ఆయన చూసిన 67వ గ్రహశకలం ఆసియా ఖండం నుంచి కనుక్కున్న మొదటిది. దానికి ఏషియా అనే పేరు పెట్టాడు. గ్రీకు పురాణాల్లో ఆ పేరుతో ఒక దేవత ఉంది, ఖండం పేరూ కలిసొచ్చింది. తర్వాత సాఫో, సిల్వియా, కెమిల్లా కూడా మద్రాసు నుంచే. అంతకుముందు ఇంగ్లండ్‌లో ఉండగా కనుక్కున్న 42వ దాని పేరు ఐసిస్. ఈజిప్టు దేవత పేరూ అదే, పాగ్సన్ కూతురి పేరూ అదే.

అదే అబ్జర్వేటరీలో ఆయన కింద పనిచేసిన చింతామణి రఘునాథాచారి 1867లో కాంతి మారే నక్షత్రం ఒకటి కనుక్కున్నారు. ఆధునిక కాలంలో అలాంటి నక్షత్రాన్ని పట్టిన మొదటి భారతీయుడిగా ఆయన్ని చెబుతారు. ఆ నక్షత్రానికి నిబంధన ప్రకారం ఒక అక్షరం, రాశి పేరు తప్ప మరో పేరు రాదు. మన వైపు విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో గోడే వెంకట జగ్గారావు 1840లో సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ కట్టించారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు 1874లో సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచి గమనించి లెక్కలు పంపారు. ఉత్తరాంధ్రలో ఆకాశం చూసే మనుషులు, యంత్రాలు అప్పటికే ఉన్నారు, ఉన్నాయి. వాళ్ల పని సూర్యచంద్రుల మీద, గ్రహాల రాకపోకల మీద, వాతావరణం మీద సాగింది. గ్రహశకలాల వేట వాళ్లది కాదు. కాబట్టి ఆ పట్టికలో వాళ్ల ముద్ర లేదు.

పలీసా దగ్గరికే మళ్లీ వస్తే, పేరు అమ్మకానికి పెట్టిన ఘనతా ఆయనదే. 1886 సూర్యగ్రహణం చూడటానికి దూరప్రయాణం చేయాలి, డబ్బు లేదు. తాను కనుక్కున్న గ్రహశకలానికి పేరు పెట్టే హక్కు యాభై పౌండ్లకి ఇస్తానని 1885లో ప్రకటించాడు. వియన్నా కోటీశ్వరుడు ఆల్బర్ట్ ఫాన్ రోత్‌షీల్డ్ కొనుక్కుని భార్య పేరు పెట్టించాడు. అదే 250వ గ్రహశకలం బెట్టీనా. తర్వాత 1911లో పలీసా ఆ కోటీశ్వరుడి స్మృతిగా ఇంకోదానికి ఆల్బర్ట్ అని పెట్టాడు. పేరు పెట్టిన కాసేపటికే అన్నట్టు ఆ రాయి కనిపించకుండా పోయింది. దారి సరిగ్గా లెక్క కట్టేలోపే తప్పిపోయిన ఆ గ్రహశకలం మళ్లీ దొరికింది 2000లో. ఇన్నేళ్లూ 719 అనే అంకె, ఆల్బర్ట్ అనే పేరు ఉన్నాయి గానీ రాయి లేదు.

ఈ రోజు ఆ అమ్మకాలు కుదరవు. అంతర్జాతీయ ఖగోళ సంఘం ఏ డబ్బుకీ పేరు ఇవ్వదు. పుట్టినరోజు కానుకగా నక్షత్రానికి మీ పేరు పెడతామంటూ ఆన్‌లైన్లో సర్టిఫికెట్ అమ్మేవాళ్లు ఉన్నారు. ఆ కాగితానికి శాస్త్రజ్ఞుల పట్టికలో ఏ విలువా లేదు. ఫ్రేము కట్టించి గోడకి తగిలించిన సర్టిఫికెట్‌ని నమ్మిన పిల్లలకి పెద్దయ్యాక ఆ సంగతి తెలిసి కలిగే బాధ చిన్నది కాదు. కొనేముందే పెద్దలు తెలుసుకోవడం మంచిది.

ఆల్బర్ట్ లాంటి తప్పిపోవడాలు చూశాకే ఇప్పటి పద్ధతి గట్టిపడింది: ముందు గుర్తు, ఆ తర్వాత అంకె, అన్నిటికన్నా చివర పేరు. పుట్టిన ఇరవై ఒకటో రోజున బారసాల చేసుకునే మనకి ఈ నిదానం వింతగా ఉంటుంది. గ్రహశకలం బారసాలకి ఒక్కోసారి పది, ఇరవై ఏళ్లు పడుతుంది.

మొదటి గుర్తు ఎలా తయారవుతుందో ఒక ఉదాహరణతో చూస్తే బాగా తెలుస్తుంది. 2025 మొదట్లో తెలుగు టీవీ చానళ్లు కూడా భూమిని ఢీకొంటుందా అని చర్చలు పెట్టిన 2024 వైఆర్4 గుర్తుండే ఉంటుంది. అది పేరు కాదు, తాత్కాలిక గుర్తు. 2024 కనుక్కున్న సంవత్సరం. తర్వాతి అక్షరం నెలలో ఏ పక్షమో చెబుతుంది. జనవరి మొదటి పదిహేను రోజులకి ఏ, మిగతా జనవరికి బీ, ఫిబ్రవరికి సీ, డీ, అలా. ఐ అనే అక్షరాన్ని అంకె ఒకటితో పొరబడతారని వదిలేస్తారు. ఆ లెక్కన వై అంటే డిసెంబర్ రెండో సగం. నిజంగానే అది డిసెంబర్ 27న దొరికింది. తర్వాతి ఆర్ ఆ పదిహేను రోజుల్లో ఎన్నోదో చెబుతుంది. ఐ తీసేస్తే ఇరవై ఐదు అక్షరాలు మిగులుతాయి. అందులో ఆర్ పదిహేడోది. ఇరవై ఐదూ అయిపోతే మళ్లీ ఏ నుంచి మొదలుపెట్టి పక్కన ఒకటి వేస్తారు. చివర నాలుగు ఉందంటే నాలుగు చుట్లు పూర్తయ్యాయని. నాలుగు ఇరవై ఐదులు వంద, దానికి పదిహేడు కలిపితే నూట పదిహేడు. అంటే 2024 డిసెంబర్ రెండో సగంలో గుర్తు పొందిన నూట పదిహేడో రాయి. ఢీకొనే అవకాశం ఒక దశలో నూటికి మూడు దాటి, తర్వాత మరిన్ని పరిశీలనలు వచ్చేసరికి దాదాపు సున్నాకి పడిపోయింది. ఎనిమిదో తరగతి పిల్లలకి పంచాంగం చదవడం కన్నా ఈ గుర్తు చదవడం తేలిక. లెక్కల పీరియడ్‌లో చెప్పదగ్గ పాఠం ఇది.

ఈ గుర్తులిచ్చేది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం కేంబ్రిడ్జిలో ఉన్న మైనర్ ప్లానెట్ సెంటర్. సూర్యుడి చుట్టూ ఆ రాయి నడిచే దారి అనుమానం లేకుండా తేలాలంటే సాధారణంగా నాలుగు దఫాలుగా, అంటే కొన్నేళ్లపాటు, అది మళ్లీ మళ్లీ కనిపించాలి. అప్పుడు దానికి శాశ్వతమైన అంకె వస్తుంది. అంకె వచ్చాక పదేళ్లపాటు పేరు ప్రతిపాదించే హక్కు కనుక్కున్నవాళ్లది. పేరుతో పాటు ఎందుకు ఆ పేరు అన్నది రెండు మూడు వాక్యాల్లో రాయాలి. అంతర్జాతీయ ఖగోళ సంఘంలోని చిన్న వస్తువుల నామకరణ బృందం దాన్ని చూసి ఒప్పుకుంటేనే ప్రకటిస్తారు.

నియమాలు పెద్ద కష్టమైనవి కావు. ఇంగ్లిషు లిపిలో పదహారు అక్షరాలు దాటకూడదు, వీలైతే ఒకే మాటగా ఉండాలి. ఏదో ఒక భాషలో నోటికి పలకాలి. ఎవరినీ నొప్పించకూడదు. ఉన్న పేర్లకి మరీ దగ్గరగా ఉండకూడదు. కంపెనీలు, సరుకుల పేర్లు పనికిరావు. రాజకీయ నాయకులు, సైనికాధికారుల పేర్లు పెట్టాలంటే వాళ్లు పోయి వందేళ్లు కావాలి. ఈ చివరి నియమం చాలా మంచిది. అది లేకపోతే ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఆకాశంలో ఫ్లెక్సీలు కట్టినట్టే అయ్యేది. పెంపుడు జంతువుల పేర్లూ వద్దంటారు. 1971లో కనుక్కున్న 2309కి జేమ్స్ గిబ్సన్ తన పిల్లి పేరు మిస్టర్ స్పాక్ అని పెట్టాక వచ్చిన అభ్యంతరాల ఫలితం అది.

ఏ దారిలో తిరిగే రాయికి ఏ రకం పేరు అన్నదానికీ కట్టుబాట్లు ఉన్నాయి. బృహస్పతి దారిలోనే ముందూ వెనకా నడిచే గుంపులకి ట్రాయ్ యుద్ధవీరుల పేర్లు పెడతారు. ముందు నడిచేది గ్రీకుల శిబిరం, వెనక నడిచేది ట్రాయ్ వాళ్ల శిబిరం. ఈ నియమం కుదరకముందే పేర్లు పడటంతో హెక్టర్ గ్రీకుల మధ్య, ప్యాట్రొక్లస్ ట్రాయ్ వాళ్ల మధ్య చిక్కుకుపోయారు. నెప్ట్యూన్ అవతల దూరాన తిరిగే ఒక గుంపుకి సృష్టి కథల్లోని దేవతల పేర్లు పెడతారు. అందులో 20000 అనే నిండు అంకె మన వేదాల వరుణుడికి దక్కింది. 2000 నవంబర్‌లో దొరికిన పెద్ద వస్తువు అది. ఇంత గౌరవమైన అంకెని వరుణుడికి ఇచ్చింది మళ్లీ అమెరికాలోని పరిశోధకులే. శివుడు 1170, బెల్జియంలో 1930లో దొరికాడు. కాళిదాసు శకుంతల 1166, అదే ఏడాది క్రిమియాలోని సిమెయిజ్‌లో దొరికింది. విష్ణువు 4034, కాలిఫోర్నియాలో 1986లో. పేర్లన్నీ మనవే, టెలిస్కోపులన్నీ వేరేచోట.

భూమికి దగ్గరగా వచ్చే రాళ్లకి సాధారణంగా పురాణ నామాలు పెడతారు. వాటిలో అరసవల్లి ఉన్న జిల్లా వాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది 3200 ఫేథాన్. గ్రీకు కథలో ఫేథాన్ సూర్యదేవుడి కొడుకు. తండ్రి రథం ఒక్కరోజు తోలతానని పట్టుబట్టి, గుర్రాలు అదుపు తప్పి పడిపోతాడు. 1983లో ఐరాస్ అనే ఉపగ్రహం కనుక్కున్న ఈ రాయి సూర్యుడికి బుధుడి కన్నా బాగా దగ్గరగా వెళ్లొస్తుంది, అందుకే ఆ పేరు. పేరు ఇంత చక్కగా అతికిన గ్రహశకలాలు తక్కువ. దాని నుంచి రాలిన ధూళే ఏటా డిసెంబర్ 14 ప్రాంతంలో మిథునరాశి దిక్కు నుంచి ఉల్కల వానగా కనిపిస్తుంది. ధనుర్మాసం మొదలయ్యే రోజులు, మబ్బు తక్కువ, చలి గాలి. బారువ లాంటి తీరంలో, వీధి దీపాలకి దూరంగా, అర్ధరాత్రి దాటాక చాప వేసుకుని పడుకుంటే కంటితోనే చూడొచ్చు. చంద్రుడు లేని ఏడాది అయితే ఇంకా మేలు.

99942 అపోఫిస్ పేరులో భయం ఉంది. ఈజిప్టు పురాణాల్లో సూర్యుడిని మింగడానికి ప్రయత్నించే పాము అది. 2004లో దొరికినప్పుడు ఢీకొనవచ్చన్న లెక్క కొన్నాళ్లు నడిచింది. ఇప్పుడు ఆ ప్రమాదం లేదని తేలింది. 2029లో, మన గడియారం ప్రకారం ఏప్రిల్ 14 తెల్లవారుజామున, టీవీ ప్రసారాలు అందించే ఉపగ్రహాల కన్నా దగ్గరగా, నేల నుంచి సుమారు 32 వేల కిలోమీటర్ల ఎత్తులో దాటిపోతుంది. ఆ వారం ఈ పేరు చెప్పి భయపెట్టే వీడియోలు ఫోన్లలో తప్పకుండా తిరుగుతాయి. పేరు పాముదే గానీ దారి తెలిసిన రాయి అని పిల్లలకి ముందే చెప్పి ఉంచాలి.

మనవాళ్ల పేర్లు చాలా ఆలస్యంగా చేరాయి. సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు మీద 1958 చంద్ర, వేణు బప్పు పేరు మీద 2596 వేణు బప్పు, అంతరిక్షంలో ప్రాణాలొదిలిన కల్పనా చావ్లా పేరు మీద 51826, చదరంగం ఆటగాడు విశ్వనాథన్ ఆనంద్‌కి 4538, హిందుస్తానీ గాయకుడు పండిట్ జస్‌రాజ్‌కి 300128. ఇవన్నీ బయట దొరికిన రాళ్లే. పాగ్సన్ 245 తర్వాత భారతదేశం నుంచి మరో గ్రహశకలం దొరకడానికి వందేళ్ల పైనే పట్టింది. 1988లో తమిళనాడులోని కావలూరు నుంచి ఆర్. రాజమోహన్ చూసిన దానికి 4130 రామానుజన్ అని పేరు పెట్టారు. మన నేల మీద టెలిస్కోపు, చూసింది మనవాడు, పేరు మన గణితవేత్తది. 244, 245 అంకెల మధ్య కనిపించిన ఆ ఎడం ఇక్కడ పూడింది.

పేరు రాయికే కాదు, రాయి మీది కొండలకీ గుంటలకీ ఉంటుంది. సెరెస్ ధాన్యదేవత కాబట్టి దాని మీది గుంటలకి పంట దేవతల పేర్లు, కొండలకీ గాట్లకీ పంట పండగల పేర్లు పెడతారు. అక్కడి నాలుగు కిలోమీటర్ల ఎత్తు కొండ పేరు అహూనా. నాగాలాండ్‌లో సూమీ నాగాలు కోతల తర్వాత చేసుకునే పండగది. వరస గుంటలకి పొంగల్ పేరు కూడా ఉంది. ఈ పేర్లు పెట్టినవాళ్లు ప్రపంచ పండగల జాబితాలు వెతికి తీసుకున్నారు. అంటే ఒక పండగ పుస్తకాల్లోకి ఎక్కి ఉంటే సెరెస్ మీదికి వెళ్లే దారి ఉంది. సీతంపేట కొండల్లో సవరలు చేసుకునే కంది కొత్తల పండగ ఆ జాబితాకి అన్ని విధాలా తగినది. కొత్త కందులు దేవతకి పెట్టకుండా నోట పెట్టుకోరు. ఆ పండగ గురించి సరైన వివరాలతో ఇంగ్లిషులో రాసి పెట్టేవాళ్లు కావాలి. సవర భాషకి గిడుగు రామమూర్తి వంద ఏళ్ల కిందట చేసిన సేవ అలాంటిదే.

ఇప్పుడు తెలిసిన గ్రహశకలాలు పద్నాలుగు లక్షలకు పైనే. పేరున్నవి సుమారు పాతిక వేలు. మిగతావాటికి గుర్తో అంకో తప్ప మరేమీ లేదు. 2025 జూన్‌లో చిలీలోని వెరా రూబిన్ అబ్జర్వేటరీ మొదటి చిత్రాలు విడుదల చేసినప్పుడు పది గంటల పరిశీలనలోనే రెండు వేలకి పైగా కొత్తవి బయటపడ్డాయి. రాబోయే ఏళ్లలో ఈ సంఖ్య లక్షల మీద లక్షలు పెరుగుతుంది. యంత్రాలే వెతికి యంత్రాలే లెక్కలు కట్టే ఆ వరదలో ఇంకా కొద్దికాలం మనిషి కంటికి చోటు ఉంటుంది. ఆ కొద్దికాలాన్ని వాడుకోవాలి.

అందుకు దారి ఉంది, ఖర్చు లేదు. ఇంటర్నేషనల్ ఆస్ట్రనామికల్ సెర్చ్ కొలాబరేషన్ అనే సంస్థ హవాయి దీవుల్లోని పాన్‌స్టార్స్ టెలిస్కోపు తీసిన చిత్రాలని స్కూళ్లకి ఉచితంగా పంపుతుంది. భారతదేశంలో చాలా రాష్ట్రాల విద్యార్థులు ఇప్పటికే పాల్గొంటున్నారు. కావాల్సింది ఒక మాదిరి కంప్యూటర్, ఇంటర్నెట్, శ్రద్ధ ఉన్న టీచరు. ఆకాశంలో ఒకే చోటుని కొద్ది నిమిషాల తేడాతో తీసిన నాలుగు చిత్రాలు వస్తాయి. ఆస్ట్రోమెట్రికా అనే సాఫ్ట్‌వేర్‌లో వాటిని ఒకదాని తర్వాత ఒకటి మెరిపిస్తూ చూస్తారు. నక్షత్రాలన్నీ కదలకుండా ఉంటాయి. ఒక చుక్క మాత్రం సూటి గీతలో, సమానమైన అంగలతో జరుగుతుంది. కెమెరా మీది మచ్చ అయితే అంగలు సమానంగా ఉండవు, లేదా చుక్క అంచులు మరీ పదునుగా ఉంటాయి. నిజమైన వస్తువు కాంతి నడుమ ఎక్కువై చుట్టూ మెల్లగా తగ్గుతుంది. ఆ తేడా పట్టడం రెండు మూడు వారాల అలవాటుతో వస్తుంది. దొరికింది కొత్తదే అయితే ముందు పరిశీలన జాబితాలో చేరుతుంది. మిగతా టెలిస్కోపులూ చూస్తే తాత్కాలిక గుర్తు, ఇంకొన్నేళ్లకి అంకె. అంకె వచ్చిన రోజున, ఆ చుక్కని మొదట గుర్తించిన విద్యార్థికి పేరు ప్రతిపాదించే అవకాశం దక్కుతుంది. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి ఉద్యోగంలో ఉండవచ్చు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని జిల్లా పరిషత్ హైస్కూళ్లలో, గురుకులాల్లో కంప్యూటర్ గదులు ఉన్నాయి. సైన్సు టీచర్లు ఏటా సైన్సు ఫెయిర్‌కి పడే కష్టంలో కొంత ఇటు మళ్లిస్తే చాలు. విజయనగరం కాలేజీల్లో భౌతికశాస్త్రం చదివే పిల్లలు దగ్గరి స్కూళ్లకి వెళ్లి సాఫ్ట్‌వేర్ నేర్పితే పని ఇంకా తొందరగా జరుగుతుంది.

పెట్టే పేర్ల గురించి ముందే ఆలోచించుకోవడంలో తప్పులేదు, పదహారు అక్షరాల కొలత చేతిలోనే ఉంది. ఇంగ్లిషు లిపిలో నాగావళికి ఎనిమిది, వంశధారకి పది, కళింగపట్నానికి పదమూడు, శ్రీముఖలింగానికి పద్నాలుగు. గురజాడకి ఎనిమిదే, అప్పారావు కలిపినా పదిహేను. ఆదిభట్ల నారాయణదాసుకి ఇంటిపేరు వదిలేస్తే సరిపోతుంది. గిడుగుకి ఆరు చాలు. నెడగొల్లకి తొమ్మిది. 1870లో పడిన ఆ ఇనుప ముద్ద తల్లి దొరక్కపోయినా, ఇనుము నిండిన మరో గ్రహశకలానికి ఆ పేరు ప్రతిపాదించవచ్చు. దాంతో పాటు పంపాల్సిన రెండు మూడు వాక్యాల్లో ఏ తేదీన, ఏ ఊళ్లో, ఎంత బరువు ముద్ద పడిందో రాస్తే సరిపోతుంది.